వైగాట్‌స్కీ అంటే జెడ్‌పీడీ ఒక్కటేనా?

దీపిక_టెట్ | మార్చి 3, రాత్రి 9:14

టెట్‌కి సైకాలజీ చదువుతున్నాను. ఏ గైడ్ తెరిచినా స్విస్ సైకాలజిస్ట్ పియాజేకి దశలు, వయసులు, పట్టికలు పేజీలకు పేజీలు ఉంటున్నాయి. రష్యన్ సైకాలజిస్ట్ వైగాట్‌స్కీకి మాత్రం రెండే పేజీలు. సామీప్య వికాస మండలం (జెడ్‌పీడీ), స్కఫోల్డింగ్ (నేర్చుకునేటప్పుడు అందించే ఆసరా), ఎంకేఓ (పిల్లాడికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు), కింద నాలుగు బిట్లు. అంతే.

ఆ రెండు పేజీల్లో జననం 1896, మరణం 1934 అని చూసి ఆగిపోయాను. ముప్పై ఏడేళ్లకే పోయాడా? ఇంత చిన్న వయసులో ఏం చేసుంటాడు? స్టాలిన్ చంపించాడని యూట్యూబ్‌లో ఒక సార్ చెప్పారు, నిజమేనా? ఇది బిట్ల కోసం కాదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఒంగోలు_మాస్టారు | మార్చి 3, రాత్రి 10:02

స్టాలిన్ చంపించలేదమ్మా, క్షయ చంపింది. 1934 మే 9న పనిలో ఉండగానే రక్తం పడింది. ఇంటికి చేర్చారు. జూన్ మొదట్లో మాస్కో శివారున సెరెబ్ర్యానీ బోర్ శానిటోరియంలో చేర్పించారు. జూన్ 11న పోయాడు. అప్పటికి ఆ జబ్బు పట్టుకుని పదేళ్లు దాటింది. మధ్యలో డాక్టర్లు ఆశ వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి.

పుట్టింది ఇప్పటి బెలారూస్‌లోని ఓర్షాలో, పెరిగింది గోమెల్‌లో. యూదుల కుటుంబం. తండ్రి బ్యాంకు ఉద్యోగి, తల్లి టీచరు చదువు చదివినావిడ. ఎనిమిది మంది పిల్లల్లో రెండోవాడు. జార్ల కాలంలో యూదులు ఎక్కడ పడితే అక్కడ ఉండటానికి లేదు, సామ్రాజ్యపు పడమటి అంచున గీసిన హద్దుల్లోనే బతకాలి. ఇతనికి ఏడేళ్లు నిండకముందే, 1903లో, గోమెల్‌లో యూదుల మీద దాడులు జరిగాయి.

1913లో బంగారు పతకంతో స్కూలు చదువు ముగించాడు. మాస్కో యూనివర్సిటీలో యూదులకు నూటికి మూడు సీట్లే. పతకం ఉంటే ఆ మూడింట్లో చోటు దొరుకుతుందని ఆశ ఉండేది. సరిగ్గా ఆ ఏడే మార్కులు పక్కన పెట్టి లాటరీ తీస్తామని ప్రభుత్వం ప్రకటించింది. చీటీలో ఇతని పేరు వచ్చింది. చీటీ తప్పి ఉంటే మీ గైడ్‌లో ఆ రెండు పేజీలు కూడా ఉండేవి కావు.

గోదారిగట్టు | మార్చి 3, రాత్రి 11:20

మాస్టారు మంచి చోట ఆపారు, అక్కడినుంచి నేను అందుకుంటాను. ఎందుకంటే ఇతను ముందు మా సాహిత్యం వాళ్ల మనిషి, తర్వాతే మీ సైకాలజీ వాళ్ల మనిషి :)

ఇంట్లో వాళ్ల కోరిక మీద మెడిసిన్‌లో చేరి, నెల తిరక్కుండానే లా కి మారాడు. లాయరైతే ఆ హద్దులు దాటి బతకొచ్చు. మనసు మాత్రం ఆ రెండింట్లోనూ లేదు. పక్కనే షన్యావ్‌స్కీ ప్రజా విశ్వవిద్యాలయంలో చరిత్ర, తత్వశాస్త్రం తరగతులకు వెళ్లేవాడు. షేక్‌స్పియర్ హామ్లెట్ మీద పెద్ద వ్యాసం రాశాడు. 1917లో గోమెల్‌కి తిరిగొచ్చి ఏడేళ్లు అక్కడే ఉన్నాడు. స్కూళ్లలో సాహిత్యం చెప్పాడు, నాటకాలకు సమీక్షలు రాశాడు, టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో చిన్న సైకాలజీ ప్రయోగశాల పెట్టాడు.

అతని 1925 నాటి థీసిస్ పేరు 'కళా మనస్తత్వశాస్త్రం'. అందులో రష్యన్ రచయిత బునిన్ రాసిన ఒక చిన్న కథను విప్పి చూపిస్తాడు. కథలో ఉన్నదంతా బురదే. చెడిపోయిన ఒక స్కూలు పిల్ల, ఒక ముసలి కామాంధుడు, చివరికి రైల్వే ప్లాట్‌ఫాం మీద హత్య. చదివాక మాత్రం మనసు బరువెక్కదు, ఏదో తేలికదనం మిగులుతుంది. ఎందుకని అతని ప్రశ్న. తుపాకి పేలిన సంగతిని బునిన్ ఒక పొడవాటి వాక్యం మధ్యలో, ఆ ఆఫీసరు ఎలా ఉంటాడో చెప్పే వర్ణనలో, దాదాపు కనపడకుండా ఇరికించేశాడని పట్టుకున్నాడు. సంఘటన ఒకవైపు లాగుతుంటే చెప్పే తీరు ఇంకోవైపు లాగుతుంది, ఆ రెండూ కొట్టుకున్న చోటే కళ పుడుతుందని అతని వాదన. అప్పటికి అతనికి ముప్పై కూడా లేవు! పుస్తకం అచ్చయింది మాత్రం 1965లో, పోయిన ముప్పై ఒక్క ఏళ్లకి.

దీపిక_టెట్ | మార్చి 4, ఉదయం 6:40

అమ్మో. మా గైడ్‌లో వీటిలో ఒక్క ముక్క కూడా లేదు. మరి సాహిత్యం టీచరు మాస్కోలో సైకాలజిస్ట్ ఎలా అయ్యాడు? డిగ్రీ కూడా లేదు కదా?

వోల్గాతీరం | మార్చి 4, ఉదయం 8:15

ఒక్క ఉపన్యాసంతో. 1924 జనవరిలో పెత్రోగ్రాద్‌లో సైకోన్యూరాలజీ మహాసభ జరిగింది. ఆ నెలాఖరుకే ఆ ఊరు లెనిన్‌గ్రాద్ అయింది. రిఫ్లెక్సుల వాళ్లు రాజ్యమేలుతున్న రోజులు. కుక్క చొంగ కారిస్తే కొలవగలం, మనసులో ఏముందో కొలవలేం కాబట్టి చైతన్యం ఊసే వద్దనే ధోరణి బలంగా ఉండేది. గోమెల్ నుంచి వచ్చిన ఈ ఇరవై ఏడేళ్ల కుర్రాడు లేచి, చైతన్యాన్ని వదిలేస్తే సైకాలజీకి మిగిలేదేమీ లేదన్నాడు. చేతిలో కాగితం లేకుండా ధారగా మాట్లాడాడట. వింటున్నవాళ్లలో ఇరవై ఒక్కేళ్ల అలెగ్జాండర్ లూరియా ఉన్నాడు. తర్వాత మెదడు దెబ్బల మీద ప్రపంచానికి పాఠాలు చెప్పిన లూరియా అతనే. ఆ ఏడే మాస్కో సైకాలజీ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు కొర్నీలొవ్ వైగాట్‌స్కీకి ఉద్యోగం ఇచ్చాడు. కొత్తగా పెళ్లయిన జంట మొదట కాపురం పెట్టింది ఆ ఇన్‌స్టిట్యూట్ నేలమాళిగలోనే.

లూరియా, లియాంతియెవ్, ఇతను కలిసి కూర్చుని సైకాలజీని మొదటినుంచి కట్టాలనుకున్నారు. నేను ఎనభైల్లో మాస్కోలో చదువుకునేటప్పుడు కూడా ఆ ముగ్గురిని కలిపి 'త్రోయ్కా' అనే అనేవారు.

మూడు గుర్రాల బండిలాంటి ఆ జట్టుకు గొప్ప ల్యాబ్ ఏమీ లేదు. వాళ్ల ప్రయోగాలు చూస్తే నవ్వొస్తుంది, అంత మామూలు సరంజామా. లియాంతియెవ్ ఆట ఒకటి చెప్తాను. పిల్లాడిని వరసగా ప్రశ్నలడుగుతారు. కొన్నింటికి జవాబుగా రంగు చెప్పాలి. ఫలానా రెండు రంగుల పేర్లు మాత్రం పలకకూడదు, చెప్పిన రంగు మళ్లీ చెప్పకూడదు. సాయానికి రంగు కార్డులు ఇస్తారు. అయిదారేళ్ల పిల్లలు ఆ కార్డులతో ఆడుకుంటారే తప్ప వాడుకోవడం రాదు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు పలకకూడని రంగుల కార్డులు పక్కకు తీసి పెట్టుకుంటారు, తప్పులు బాగా తగ్గుతాయి. పెద్దవాళ్లకు కార్డులున్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే వాళ్లకు ఆ కార్డులు తలలోకి వెళ్లిపోయాయి. బయట వస్తువుగా ఉన్న సాయం లోపలి ఆలోచనగా మారుతుందన్నదే వైగాట్‌స్కీ సిద్ధాంతానికి వెన్నెముక. మీ జెడ్‌పీడీ దాని చివర కాసిన ఒక కాయ.

రవ్వంత | మార్చి 4, ఉదయం 8:31

అంటే నేను సరుకుల చీటీ లేకుండా కొట్టుకి వెళ్లి ఉప్పు మర్చిపోతే, నా వికాసం ఎనిమిదేళ్ల దగ్గరే ఆగిందనా సార్?

వోల్గాతీరం | మార్చి 4, ఉదయం 8:40

చీటీ రాసుకోవాలని తోచిందంటే ఎనిమిది దాటినట్టే. రాసి కూడా ఇంట్లో మర్చిపోతే నాకు సంబంధం లేదు.

దీపిక_టెట్ | మార్చి 4, మధ్యాహ్నం 1:05

😂 సరే, ఆ కాయ సంగతే చెప్పండి. 'పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ, సాయంతో చేయగలిగినదానికీ మధ్య దూరం' అని బట్టీ పట్టాను. దీనికి అతను ప్రయోగం ఏమైనా చేశాడా?

ఒంగోలు_మాస్టారు | మార్చి 4, సాయంత్రం 5:30

అతను ఇచ్చిన ఉదాహరణ చెప్తాను, ఇక బట్టీ అక్కర్లేదు. ఇద్దరు పిల్లలు. పరీక్ష పెడితే ఇద్దరి మానసిక వయసూ ఎనిమిదేళ్లే వచ్చింది. మామూలుగా అయితే అక్కడితో మార్కులు వేసి పంపేస్తాం. అతను అక్కడ ఆపలేదు. వాళ్లకు మించిన లెక్కలిచ్చి, ఒక చిన్న సూచన, ఒక మొదటి మెట్టు అందించి చూశాడు. ఆ సాయంతో ఒకడు పన్నెండేళ్ల వాళ్ల లెక్కలదాకా వెళ్లాడు, రెండోవాడు తొమ్మిది దగ్గరే ఆగాడు. మరి వీళ్లిద్దరూ ఒకటేనా? మామూలు పరీక్ష నిన్నటిదాకా పండినదాన్ని కొలుస్తుంది, నాకు రేపు పండబోయేది కావాలి అంటాడు.

డైట్ కాలేజీలో ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పాను. మన దగ్గర దీన్ని టీచరు ఎలా సాయం చెయ్యాలి అనే చిట్కాగానే నేర్పుతాం. అతను ముందుగా అడిగింది పిల్లాడిని ఎలా అంచనా వేయాలి అని. తెలివితేటల పరీక్షలు పెట్టి మందబుద్ధులని ముద్రవేసి వేరే స్కూళ్లకు తోలేస్తున్న కాలం అది. ఆ నేపథ్యం తీసేస్తే జెడ్‌పీడీలో ఉప్పూకారం పోతుంది.

పుస్తకాలపురుగు | మార్చి 4, రాత్రి 8:47

మాస్టారికి నమస్కారం. రెండు విషయాలు.

ఒకటి, జెడ్‌పీడీ అతని జీవితంలో ఆఖరి ఒకటి రెండేళ్లలో వచ్చిన మాట. దానిమీద పూర్తిగా రాసే టైమే దొరకలేదు. కొన్ని ఉపన్యాసాలు, కొన్ని పేజీలు, అంతే. దాన్ని అతని మొత్తం పనికి బోర్డులా తగిలించడం అన్యాయం.

రెండు, స్కఫోల్డింగ్ అతనిది కాదు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు ఒక పేపరు రాశారు. మూడు, నాలుగు, అయిదేళ్ల పిల్లలతో 21 చెక్క ముక్కల పిరమిడ్ కట్టించి, పక్కనున్న టీచరు ఎక్కడెక్కడ చెయ్యి అందిస్తుందో గమనించారు. ఆ సాయానికి వాళ్లు పెట్టుకున్న పేరు అది. అప్పటికి వైగాట్‌స్కీ పోయి 42 ఏళ్లు. ఎంకేఓ అన్న మూడక్షరాలు కూడా తర్వాతివాళ్లు కుదించి పెట్టినవే. మన గైడ్లలో మాత్రం 'స్కఫోల్డింగ్ అనే భావనను ప్రవేశపెట్టినవారు?' అన్న బిట్‌కి జవాబు వైగాట్‌స్కీ.

దీపిక_టెట్ | మార్చి 4, రాత్రి 8:52

అయితే పరీక్షలో ఏం పెట్టాలి 😭

ఒంగోలు_మాస్టారు | మార్చి 4, రాత్రి 9:10

ఆప్షన్లలో బ్రూనర్ లేకపోతే వైగాట్‌స్కీ పెట్టమ్మా. ఉంటే మాత్రం ప్రశ్న రెండుసార్లు చదువు.

మాటలమూట | మార్చి 5, ఉదయం 7:25

సికింద్రాబాద్‌లో స్పీచ్ థెరపిస్ట్‌ని. అందరూ జెడ్‌పీడీ చుట్టూనే తిరుగుతున్నారు. నా పనికి అతను పనికొచ్చేది వేరే చోట.

చిన్నపిల్లలు ఆడుకుంటూ తమలో తామే మాట్లాడుకోవడం అందరం చూస్తాం. పియాజే దానికి అహంకేంద్రిత భాష అని పేరు పెట్టాడు. ఎదుటివాడి వైపునుంచి ఆలోచించడం రాక అలా మాట్లాడతారు, పెరిగేకొద్దీ అది ఎండి రాలిపోతుందన్నాడు. ఇద్దరూ 1896లోనే పుట్టారు, పియాజే 1980దాకా బతికాడు. 1932లో పియాజే పుస్తకం రష్యన్‌లోకి వచ్చినప్పుడు ముందుమాట రాసిన వైగాట్‌స్కీ, ఆ ముందుమాటలోనే అతనితో పోట్లాట పెట్టుకున్నాడు!

అది రాలిపోదు, లోపలికి దిగుతుంది అన్నాడు. రుజువు కోసం పిల్లలకు బొమ్మ వెయ్యమని చెప్పి, కావాల్సిన పెన్సిలో కాగితమో లేకుండా చేశాడు. అడ్డంకి వచ్చేసరికి ఆ సొంత గొణుగుడు దాదాపు రెట్టింపయింది. అయిదున్నరేళ్ల పిల్లాడొకడు ట్రామ్ బొమ్మ వేస్తుంటే పెన్సిల్ విరిగింది. 'విరిగింది' అని గొణుక్కుని, వేరే రంగు తీసుకుని, ప్రమాదంలో విరిగిన ట్రామ్ వేశాడు. నోటిమాట బొమ్మ దారినే మార్చేసింది. ఆ మాట ఎవరికోసం? వాడికోసమే, వాడి ఆలోచన కోసమే. అలాగే చెవిటి పిల్లల మధ్యనో, వేరే భాష పిల్లల మధ్యనో కూర్చోబెడితే ఆ గొణుగుడు పడిపోయింది. నిజంగా ఎవరూ వినక్కర్లేని మాటే అయితే ఎందుకు తగ్గాలి? నలుగురితో మాట్లాడిన మాటే ఇంకా పూర్తిగా విడిపోకుండా సొంత మాటగా మారుతోంది కాబట్టి.

మా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల మొదటి ఫిర్యాదుల్లో 'వీడు తనలో తానే మాట్లాడుకుంటున్నాడండీ' ఒకటి. నాలుగైదేళ్ల పిల్లాడైతే మాన్పించొద్దని చెప్తాను. ఆపితే ఆలోచనకు ఉన్న ఊతకర్ర లాక్కున్నట్టే.

గోదారిగట్టు | మార్చి 5, ఉదయం 9:02

మరి పియాజే ఏమన్నాడు?

మాటలమూట | మార్చి 5, ఉదయం 9:20

అదే బాధ. 1962లో వైగాట్‌స్కీ ముఖ్యమైన పుస్తకం 'ఆలోచన, భాష' ఇంగ్లీషులో వచ్చినప్పుడు పియాజే దానికి విడిగా స్పందన రాశాడు. ఈ విమర్శ పాతికేళ్లు ఆలస్యంగా నా చేతికొచ్చిందే అని విచారిస్తూ, కొన్ని విషయాల్లో ఒప్పుకున్నాడు, కొన్నింట్లో తన మాట మీదే నిలబడ్డాడు. వినాల్సిన మనిషి లేడు.

రవ్వంత | మార్చి 5, ఉదయం 10:45

నా ప్రశ్న సీరియస్‌దే. రష్యావాళ్లు ఉజ్బెకిస్తాన్ వెళ్లి అక్కడి రైతులను ఎలుగుబంటి రంగు అడిగారని ఎక్కడో చదివాను. అది వీళ్లేనా?

వోల్గాతీరం | మార్చి 5, మధ్యాహ్నం 12:10

వీళ్లే. వెళ్లింది మాత్రం లూరియా. వైగాట్‌స్కీ ఆరోగ్యం ఆ ప్రయాణానికి సహకరించలేదు, ఉత్తరాలతోనే వెంట ఉన్నాడు. 1931, 1932 వేసవుల్లో ఉజ్బెకిస్తాన్ పల్లెలకు, కొండ మేతల ఊళ్లకు బృందాలు వెళ్లాయి. రెండోసారి జర్మనీనుంచి గెస్టాల్ట్ సైకాలజిస్ట్ కొఫ్కా కూడా వచ్చి, జ్వరం పట్టి మధ్యలోనే వెనక్కి పోయాడు.

చూడాలనుకున్నది ఇది: చదువు, సమష్టి వ్యవసాయం అప్పుడే అడుగుపెడుతున్న చోట, మనుషులు ఆలోచించే తీరు కూడా మారుతోందా? రంగు నూలు చుట్టలు ఇచ్చి పేర్లు చెప్పమంటే, బడి మొహం చూడని ఆడవాళ్లు పీచు పండు, పిస్తా, పూసిన పత్తి, దూడ పేడ అని వస్తువుల పేర్లతో చెప్పారు. ఒకేలాంటివి ఒకచోట పెట్టమంటే, దూడ పేడనూ పీచు పండునూ ఎలా కలుపుతామన్నారు. సుత్తి, రంపం, దుంగ, గొడ్డలి చూపించి ఇందులో ఏది చేరదు అంటే, అన్నీ కావాలి, దుంగ లేకపోతే రంపంతో ఏం కోస్తావ్ అని ఎదురు ప్రశ్న.

ఇక ఎలుగుబంటి. దూర ఉత్తరాన మంచుండే చోట ఎలుగులన్నీ తెల్లవి. నోవాయా జెమ్ల్యా అక్కడే ఉంది. అక్కడి ఎలుగులు ఏ రంగు? 'నేను చూడలేదు, చూడనిది చెప్పను' అన్న ధోరణిలో జవాబులొచ్చాయి. కొద్దిగా చదువుకుని కల్‌ఖోజ్ (సమష్టి వ్యవసాయ క్షేత్రం) పనిలోకి వచ్చినవాళ్లు మాత్రం తెల్లవి అని టక్కున చెప్పారు.

పుస్తకాలపురుగు | మార్చి 5, మధ్యాహ్నం 2:36

ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. 1931 అంటే బలవంతపు సమష్టి వ్యవసాయం నడుస్తున్న ఏడు. మాస్కోనుంచి వచ్చిన కొత్త మనుషులు చుట్టూ కూర్చుని ప్రశ్నలడుగుతుంటే, 'చూడనిది చెప్పను' అనడం ఆలోచన లేకపోవడమా, అతి తెలివైన జాగ్రత్తా? మా నాయనమ్మైనా సర్వేకి వచ్చిన ఆఫీసరుకి అదే జవాబు చెప్పేది. పైగా ఫలితాలకు 'వెనకబడిన ఆలోచన, ముందుకెళ్లిన ఆలోచన' అనే నిచ్చెన వేశారు. యూరప్ బడి నేర్పిన తర్కమే పైమెట్టు అని ముందే అనుకుని వెళ్లారు.

వోల్గాతీరం | మార్చి 5, మధ్యాహ్నం 3:15

నిచ్చెన ఉంది, కాదనను. కానీ లూరియా ఉద్దేశం జాతికి అంటగట్టడం కాదు, దానికి వ్యతిరేకం. కొద్దిపాటి చదువుతోనే మారేదైతే అది రక్తంలో ఉన్నది కాదు కదా. అప్పట్లో బయట ప్రపంచం తెలివిని జాతితో ముడిపెట్టి లావు లావు పుస్తకాలు రాస్తోంది. తమాషా ఏమిటంటే, సోవియట్ జాతులను కించపరిచారని 1934లో వీళ్లమీద స్వదేశంలోనే దాడి మొదలైంది. ఆ పరిశోధన పూర్తి పుస్తకంగా అచ్చవడానికి 1974దాకా ఆగాల్సి వచ్చింది.

పుస్తకాలపురుగు | మార్చి 5, మధ్యాహ్నం 3:41

ఉద్దేశం మంచిదే కావచ్చు, కొలబద్ద మంచిది కాదు. లూరియా దగ్గర మాస్కోలో పనిచేసి వెళ్లిన మైకేల్ కోల్, సిల్వియా స్క్రిబ్నర్‌తో కలిసి తర్వాత లైబీరియాలో వాయ్ ప్రజల దగ్గరికి వెళ్లాడు. వాయ్‌లకు సొంత లిపి ఉంది. బడితో పనిలేకుండా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని ఉత్తరాలకు, లెక్కలకు వాడుకుంటారు. అందుకని అక్షరాన్నీ బడినీ విడదీసి చూడటానికి వీలైంది. 1981లో వచ్చిన వాళ్ల పుస్తకం తేల్చినదేంటంటే, ఆ ఎలుగుబంటి తరహా ప్రశ్నల్లో తేడా తెచ్చేది బడి, ఒక్క అక్షరజ్ఞానం కాదు. అంటే లూరియా చూసింది ఆలోచన ఎదగడం కాకపోవచ్చు, బడి అనే ఆట నియమాలు తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ ఉన్న తేడా కావచ్చు.

నిర్వాహకుడు | మార్చి 5, సాయంత్రం 4:00

చర్చ బాగుంది. వ్యక్తిగత సందేశాల్లో తిట్టుకుంటున్న ఇద్దరికీ మాత్రం మనవి: తిట్లు వద్దు, వాదన ఇక్కడే పెట్టండి.

దీపిక_టెట్ | మార్చి 5, రాత్రి 9:30

స్టాలిన్ చంపలేదు సరే. పుస్తకాలు నిషేధించాడని మా గైడ్‌లో కూడా ఒక లైను ఉంది. 'ఇరవై ఏళ్లు నిషేధం'. అది నిజమేనా?

పుస్తకాలపురుగు | మార్చి 5, రాత్రి 10:12

సగం పురాణం. 1936 జూలై 4న పార్టీ కేంద్ర కమిటీ చేసిన తీర్మానం గురి పెడాలజీ, ఒక మనిషి కాదు. పెడాలజీ అంటే పిల్లల ఎదుగుదలను అన్ని శాస్త్రాలూ కలిపి చదువుతామన్న ఉద్యమం. అది స్కూళ్లలోకి వచ్చేసరికి టెస్టులు పెట్టి పిల్లలను మందబుద్ధుల స్కూళ్లకు పంపే యంత్రంలా తయారైంది. వైగాట్‌స్కీ కూడా పెడాలజీ పాఠాలు చెప్పాడు, ఆ పేరుతో పుస్తకాలు రాశాడు కాబట్టి అవి అటకెక్కాయి. 1937లో అతన్ని తిడుతూ రుద్నేవా అనే ఆవిడ చిన్న పుస్తకం వేసింది. కానీ 'ఆలోచన, భాష' అతను పోయిన ఏడే, 1934లోనే, బయటికొచ్చింది. 1935లో ఇంకో సంకలనం వచ్చింది. ముప్పైల చివర, నలభైల్లో కూడా సోవియట్ సైకాలజిస్టులు అతన్ని ప్రస్తావించారు. పేరెత్తితే జైలు అన్నది తర్వాత అల్లుకున్న కథ. యస్నిత్‌స్కీ లాంటి చరిత్రకారులు ఈమధ్య దీన్ని కాగితాలు ముందేసి విప్పారు.

ఒంగోలు_మాస్టారు | మార్చి 5, రాత్రి 11:05

కాగితం మీద ఆజ్ఞ లేదు కాబట్టి నిషేధం లేదనడం నాకు మింగుడు పడదు బాబూ. ఆ ముఖ్యమైన పుస్తకం రెండో ముద్రణకు 1956 దాకా, అంటే స్టాలిన్ పోయిన మూడేళ్లదాకా ఎందుకు ఆగింది? లూరియా సైకాలజీ పక్కన పెట్టి మెడిసిన్ చదువుకుని 1937లో డాక్టరెందుకయ్యాడు? వైగాట్‌స్కీ దాయాది, కవి, అనువాదకుడు దవీద్ విగోద్‌స్కీని 1938లో పట్టుకెళ్లారు, 1943లో క్యాంపులో పోయాడు. 'ఆలోచన, భాష' చివరి అధ్యాయం నెత్తిన మందిల్‌స్తామ్ కవిత పాదాలున్నాయి. అతను ఆ అధ్యాయం చెప్పి రాయించిన ఆ 1934లోనే, మే నెలలో, మందిల్‌స్తామ్‌ని అరెస్టు చేశారు. అలాంటి చోట ఎవరి పుస్తకం మళ్లీ వెయ్యకూడదో ఎవరూ రాసివ్వక్కర్లేదు.

పుస్తకాలపురుగు | మార్చి 5, రాత్రి 11:30

భయం ఉందనడంలో మీతో గొడవ లేదు. 'ఇరవై ఏళ్లు నిషేధం' అనే లైనుతోనే గొడవ. ఎందుకంటే ఆ లైను ఇంకో సంగతిని దాచేస్తుంది. అతని మాటలను స్టాలిన్ కాలం తర్వాత, మంచి మనసుతోనే, సొంత శిష్యులూ అభిమానులూ కూడా దిద్దారు. 1956 ముద్రణలో, 1982 నుంచి వచ్చిన ఆరు సంపుటాల్లో సంపాదకుల కత్తెర ఉంది. 1962 ఇంగ్లీషు పుస్తకం బాగా కుదించింది. ఇక 1978లో అమెరికాలో వచ్చి అతన్ని ప్రపంచ ప్రఖ్యాతుణ్ని చేసిన 'మైండ్ ఇన్ సొసైటీ' అయితే ఆ పేరుతో అతను రాసిందే కాదు. వేర్వేరు రచనలనుంచి ముక్కలు తీసి, కలిపి, స్వేచ్ఛ తీసుకున్నామని సంపాదకులే ముందుమాటలో చెప్పుకున్నారు. మన బీఈడీ పుస్తకాల్లోకి జెడ్‌పీడీ వచ్చింది ఎక్కువగా ఆ దారినే.

మాటలమూట | మార్చి 6, ఉదయం 7:50

నిషేధం గొడవలో అతని అసలు ఉద్యోగం మర్చిపోతున్నాం. జీతం ఇచ్చిన పనిలో పెద్ద భాగం చెవిటి, గుడ్డి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతోనే. అక్కడి మాటలో డిఫెక్టాలజీ. అతను జీవితంలో ఒక్కసారే దేశం దాటాడు. 1925లో లండన్, బధిరుల విద్య మీద సమావేశానికి. తిరిగొచ్చిన కొద్ది నెలలకే జబ్బు తిరగబెట్టి ఆస్పత్రిలో పడ్డాడు. థీసిస్ కూడా సభ ముందు వాదించకుండానే ఆమోదించాల్సి వచ్చింది.

చూపు లేకపోవడం ఒకటి, చూపు లేనందువల్ల ఆటల్లోకి, బడిలోకి, పనిలోకి రానివ్వకపోవడం ఇంకొకటి అన్నాడు. మొదటిదాన్ని డాక్టరు చూసుకుంటాడు. రెండోదాన్ని మనమే తయారుచేస్తాం, అదే పిల్లాడిని ఎక్కువ దెబ్బతీస్తుంది. బ్రెయిలీ అనేది అదే చదువుకి ఇంకో దారి. గమ్యం ఒకటే అయినప్పుడు దారి వేరైతే ఏం? ప్రత్యేక పాఠశాల గోడలు కట్టుకుని పిల్లాడిని లోపలే ఉంచేస్తే, బయట బతకడం ఎప్పుడు నేర్చుకుంటాడని విరుచుకుపడ్డాడు.

సైగల భాష విషయంలో మాత్రం మొదట్లో నాకు నచ్చడు. చెవిటి పిల్లలకు నోటిమాట నేర్పడమే లక్ష్యం అనేవాళ్ల పక్షాన ఉన్నాడు. ముప్పైల మొదట్లో ఆ అభిప్రాయం మార్చుకున్నాడు. సైగలు శత్రువు కాదు, నోటిమాట, రాత, సైగలు కలిసి రెండు మూడు భాషల పిల్లాడిగా పెరగనివ్వాలన్నాడు. మన దగ్గర సైగలు చేస్తే చేతులు కట్టేసే టీచర్లు నిన్నమొన్నటిదాకా ఉన్నారు. 1931 నాటికే ఈ మాట అన్నవాడు అంటే నాకు గౌరవం.

దీపిక_టెట్ | మార్చి 6, రాత్రి 8:20

అందరికీ చాలా థ్యాంక్స్. సిలబస్ పక్కన పెట్టి ఇవే చదువుతున్నానని అమ్మ తిడుతోంది. అతను రాసింది ఒక్కటి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? 'ఆలోచన, భాష' ఇంగ్లీషులో తెరిచాను, రెండో పేజీకే టెన్షన్ వచ్చింది.

వోల్గాతీరం | మార్చి 6, రాత్రి 9:05

అది వద్దమ్మా, తర్వాత చూడొచ్చు. 1933లో లెనిన్‌గ్రాద్‌లో పిల్లల ఆట మీద ఇచ్చిన ఉపన్యాసం ఒకటుంది. చిన్నది. అది కూడా 1966లో గానీ అచ్చులోకి రాలేదు. ఇంగ్లీషులో దొరుకుతుంది.

అందులో అతను చెప్పే ఉదాహరణ ఒకటి. అయిదేళ్లు, ఏడేళ్లు ఉన్న అక్కాచెల్లెళ్లు 'మనం అక్కాచెల్లెళ్ల ఆట ఆడుకుందాం' అనుకున్నారు. నిజంగా అక్కాచెల్లెళ్లే! కానీ ఆట మొదలవగానే ప్రవర్తన మారిపోయింది. ఒకేలాంటి బట్టలు, చేతులు పట్టుకుని నడవడం, ఇది మనది, అది బయటివాళ్లది అనుకోవడం. మామూలుగా పట్టించుకోని సంగతి ఆటలో నియమమైపోయింది. కర్ర గుర్రమయ్యే సంగతి కూడా అందులోనే ఉంటుంది. గుర్రం అన్న అర్థాన్ని అసలు గుర్రంనుంచి విడదీయడానికి పిల్లాడికి కాళ్ల మధ్య పెట్టుకునే ఏదో ఒకటి కావాలి. అగ్గిపుల్ల పనికిరాదు, కర్ర పనికొస్తుంది.

దీపిక_టెట్ | మార్చి 6, రాత్రి 9:22

బాగుంది! కానీ అన్ని ఆటల్లోనూ ఊహ ఉండదు కదండీ? కబడ్డీ, చదరంగం లాంటివాటిలో నియమాలే ఉంటాయి. మా గైడ్‌లో ఊహాత్మక క్రీడ వేరు, నియమబద్ధ క్రీడ వేరు అని రెండు దశలుగా ఇచ్చారు.

వోల్గాతీరం | మార్చి 6, రాత్రి 9:48

ఆ గీత పియాజేది. వైగాట్‌స్కీ ఆ గీతను ఒప్పుకోడు. అమ్మ ఆట ఆడే పిల్లకు అమ్మలా ఉండాలన్న నియమం ఉంది, ఎవరూ చెప్పకపోయినా అది తప్పితే పక్కపిల్ల ఊరుకోదు. ఊహ పైకి కనపడుతుంది, నియమం లోపల ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ నియమం పైకొచ్చి ఊహ లోపలికి పోతుంది. చదరంగాన్నే అతను ఉదాహరణగా తీసుకున్నాడు. గుర్రం ఇలాగే దూకాలి, రాజు ఒక్క గడే కదలాలి, తినడం, చంపడం అంటే ఇదీ అని ఒప్పుకున్నాకే ఆట. నిజజీవితంలో ఆ చెక్కముక్కకు ఆ కట్టుబాటు ఏదీ లేదు కాబట్టి, అదీ ఒక ఊహాలోకమే అంటాడు. ఉపన్యాసం మొదటి సగంలోనే ఉంటుంది, చూడండి.